చేను మనది, తాళంచెవి ఎవరిది?



ఊళ్లలోకి కొత్త సరుకు దిగుతోంది. విత్తనాల కంపెనీల వాళ్లు, పురుగుమందుల కంపెనీల వాళ్లు తిరిగినట్టే ఇప్పుడు సెన్సర్ల కంపెనీల వాళ్లు తిరుగుతున్నారు. నేలలో తేమ చెప్పేది ఒకటి, రొయ్యల చెరువులో ఆక్సిజన్ చెప్పేది ఒకటి, బోరులో నీటిమట్టం చెప్పేది ఒకటి, వాన ఎంత పడిందో చెప్పేది ఒకటి. ఫోన్‌తో మోటారు వేసే స్టార్టర్లయితే చాలాచోట్ల ఏళ్ల నుంచే ఉన్నాయి. చేలో ఒక గొట్టం పాతి, దాని మీద చిన్న డబ్బా, సోలార్ పలక బిగించి, ఇక ఇంట్లో కూర్చుని చేను చూసుకోండి అంటున్నారు.

చూసుకోవచ్చు. మేము యంత్రాలకు వ్యతిరేకులం కాదు. నీళ్లు ఆదా అయితే, అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని చెరువు గట్ల మీద తిరిగే బాధ తప్పితే అంతకన్నా కావలసిందేముంది? మా ప్రశ్న వేరు. ఇంట్లో కూర్చుని మన చేను మనం చూడగలిగితే, అదే చేనును ఇంకెవరెవరు, ఎక్కడెక్కడ కూర్చుని చూస్తున్నారు? ఆ డబ్బా మాట్లాడే మాట మన ఫోనుకు చేరేలోపు ఎన్ని చెవుల్లో పడుతోంది? అమ్మేవాడు ఈ సంగతి చెప్పడు. సబ్సిడీ ఇచ్చేవాడూ అడగడు. కాబట్టి మనమే అడగాలి. తాళం లేని సెన్సర్ చేలోకి రాకూడదు, ఆ తాళంచెవి రైతు చేతిలోనే ఉండాలి. ఈ వ్యాసంలో మేము చెప్పేది ఇదే.

గాలిలో మాట అందరి చెవినా పడుతుంది

ముందు ఈ డబ్బా ఎలా పనిచేస్తుందో చూద్దాం. నేలలో గుచ్చిన కడ్డీ తేమను కొలుస్తుంది. పైనున్న డబ్బా ఆ అంకెను రేడియో తరంగంగా మార్చి గాలిలోకి వదులుతుంది. కొంత దూరంలో గేట్‌వే అనే పెద్ద డబ్బా ఉంటుంది. చుట్టుపక్కల సెన్సర్ల మాటలన్నీ అది పట్టుకుని, సిమ్ కార్డు ద్వారా కంపెనీ కంప్యూటర్‌కు పంపుతుంది. అక్కడి నుంచి మన ఫోనుకు వస్తుంది. పొలం సెన్సర్లలో ఎక్కువగా వాడే లోరా అనే పద్ధతి మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు, నిర్ణయించిన శక్తికి లోబడి, లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని కేంద్రం 2005లోనే అనుమతించింది. చెట్లు, ఇళ్లు అడ్డం లేని పొలాల్లో ఈ మాట కొన్ని కిలోమీటర్లు పోతుంది.

పైపులో పోయే నీళ్లు మన మడిలోనే పడతాయి. రేడియో మాట అలా పోదు. అది వానలాంటిది, మన చేలోనూ పడుతుంది, పక్క చేలోనూ పడుతుంది, రోడ్డు మీద ఆగిన కారు మీదా పడుతుంది. గేట్‌వే ఒక్కటే వినాలని ఆ తరంగానికి చెప్పే దారి లేదు. వినే పరికరం ఉన్న ప్రతివాడికీ అది వినపడుతుంది.

ఆ పరికరం కోసం పెద్ద పెట్టుబడి కూడా అక్కర్లేదు. కంప్యూటర్‌లో టీవీ చూడటానికి తగిలించుకునే అగ్గిపెట్టెంత పరికరంతో రకరకాల రేడియో మాటలు వినవచ్చని 2012 నాటికే లోకానికి తెలిసిపోయింది. కొన్ని వేల రూపాయలకు దొరుకుతుంది. 433 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే చవకరకం ఉష్ణమాపకాలు, వానమాపకాలు, తేమ సెన్సర్లు ఏం మాట్లాడుతున్నాయో విడమరిచి చూపించే ప్రోగ్రాములు ఉచితంగానే ఉన్నాయి. అందులో వందల రకాల సెన్సర్ల భాష ఇప్పటికే రాసిపెట్టి ఉంది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. కార్ల టైర్లలో గాలి ఎంతుందో చెప్పే చిన్న రేడియో సెన్సర్లు ఉంటాయి. 2010లో అమెరికాలోని రట్గర్స్, సౌత్ కరోలినా విశ్వవిద్యాలయాల పరిశోధకులు నలభై మీటర్ల దూరం నుంచి ఆ మాటలు పట్టుకోవచ్చని చూపించారు. వాటికి ఏ తాళమూ లేదు. 2012లో సౌత్ కరోలినా పరిశోధకులే రేడియోతో రీడింగ్ పంపే కరెంటు మీటర్ల మీద పడ్డారు. తాము పరిశీలించిన మీటర్లు రీడింగును బహిరంగంగా, అర నిమిషానికోసారి గాలిలోకి వదులుతున్నాయని తేల్చారు. ఏ ఇంట్లో మనుషులున్నారో, ఏ ఇల్లు ఖాళీగా ఉందో బయటి నుంచే చెప్పవచ్చని నిరూపించారు. టైరుకు, మీటరుకు పట్టిన గతి పొలం సెన్సర్‌కు పట్టదని ఎవరు హామీ ఇస్తారు?

"నేల తేమలో రహస్యం ఏముంది?"

ఈ ప్రశ్న మమ్మల్ని చాలామంది అడిగారు. నవ్వుతూ అడిగినవాళ్లూ ఉన్నారు. రైతుకు దాచుకునేదేముంది, పైరు ఆరుబయటే ఉంది కదా అంటారు. సరే, లెక్క వేసి చూద్దాం.

పశ్చిమ గోదావరి, కృష్ణా, నెల్లూరు ప్రాంతాల రొయ్యల రైతును తీసుకోండి. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఏరియేటర్లు తిప్పి నిలబెట్టుకుంటాడు. వరుసగా మూడు రాత్రులు ఆక్సిజన్ నిలవకపోతే, రొయ్య నీరసిస్తే, కౌంట్ రాకపోయినా పట్టుబడి పట్టక తప్పదు. ఆ రైతు కొనుగోలుదారుడికి ఫోన్ చేసినప్పుడు తన అవసరం బయటపడకుండా మాట్లాడతాడు. రేపు పడదామా, వచ్చే వారం పడదామా అన్నట్టు బేరమాడతాడు. అదొక్కటే అతని చేతిలో ఉన్న బలం. అవతలివాడి దగ్గర మూడు రాత్రుల ఆక్సిజన్ అంకెలు ఉంటే ఆ బేరం ఎలా సాగుతుంది? ఈరోజు పట్టకపోతే సరుకే మిగలదని రైతుకు తెలిసినట్టే అతనికీ తెలుస్తుంది. అప్పుడు కౌంట్‌కు చెప్పే ధర ఎక్కడికి దిగుతుందో మీరే చెప్పండి.

మెట్టరైతును తీసుకోండి. బోరులో నీటిమట్టం నెలనెలా దిగుతోందని అతనికి తెలుసు. ఆ అంకెలు అప్పిచ్చేవాడికి, భూమి కొనజూసేవాడికి ముందే తెలిస్తే? భూమి ధర అతను నోరు తెరవకముందే తగ్గిపోతుంది. అప్పు అడగకముందే లేదనిపించుకుంటాడు.

మోటారు సంగతి చూడండి. కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లలో రాగి దొంగలు ఎత్తుకుపోవడం మనకు కొత్త కాదు. ఏ బోరు ఎన్ని రోజులుగా తిరగడం లేదో, ఏ షెడ్డు దగ్గర రాత్రి మనిషి అలికిడి లేదో చెప్పే సమాచారం దొంగకు ఎంత విలువైనది! వ్యవసాయ మోటార్లకు మీటర్లు శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగంగా మొదలైన నాటి నుంచీ రైతు సంఘాలు వ్యతిరేకిస్తూనే ఉన్నాయి. బిల్లు భారం ఒక కారణం. ఆ మీటరు కూడా మన పొలం సంగతి బయటకు చెప్పే సెన్సరే అన్నది రెండో కారణం. ఈ రెండోదాన్ని మనం ఇన్నాళ్లూ గట్టిగా చెప్పలేదు. ఇక చెప్పాలి.

కౌలురైతు పరిస్థితి మరీ అన్యాయం. సెన్సర్ పట్టాదారు పేరున, పట్టాదారు ఫోన్ నంబరు మీద ఉంటుంది. చెమట కౌలురైతుది, అంకెలు మాత్రం భూయజమాని చేతికి పోతాయి. ఎన్ని తడులు పెట్టాడో, పంట ఎలా ఉందో చూసి వచ్చే ఏడాది కౌలు పెంచమంటే కాదనే దారేది? ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం సాగుదారు కార్డుకే యజమాని ఒప్పుకోలు కావాలి. అది దొరకక ఎందరు కౌలురైతులు కార్డు లేకుండా ఉన్నారో మన సభ్యులకు చెప్పనక్కర్లేదు. కార్డుకే దిక్కులేని మనిషికి సెన్సర్ అంకెల మీద హక్కు ఎవరిస్తారు?

ఒక్కొక్క అంకె చూస్తే గడ్డిపోచే. వంద రోజుల గడ్డిపోచలు పేనితే తాడవుతుంది. ఆ తాడు ఎవరి మెడకో ఆలోచించుకోవాలి.

విన్నవాడు ఊరుకోడు

వినడంతోనే ఆగదు. మాట విని నేర్చుకున్నవాడు అదే మాట తిరిగి పలకగలడు. గేట్‌వేకు మనిషి ముఖం కనపడదు, మాట ఒక్కటే వినపడుతుంది. దొంగ మాట్లాడినా అది యజమాని మాటే అనుకుంటుంది.

2000 సంవత్సరంలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం, మరూచీ ప్రాంతంలో ఏం జరిగిందో చూడండి. అక్కడ మురుగునీటి పంపులను రేడియో ద్వారా నడిపేవారు. ఆ వ్యవస్థను బిగించిన కంపెనీలో పనిచేసి మానేసిన ఒక వ్యక్తి ల్యాప్‌టాప్, రేడియో పరికరం కారులో పెట్టుకుని తిరుగుతూ పంపులకు తప్పుడు ఆదేశాలు పంపాడు. దాదాపు 8 లక్షల లీటర్ల మురుగునీరు కాలువల్లోకి, పార్కుల్లోకి పొర్లింది. చేపలు చచ్చాయి. 2001లో అతనికి రెండేళ్ల జైలు పడింది. ఆ పంపుల స్థానంలో మన ఎత్తిపోతల పథకాన్నో, డ్రిప్ వాల్వులనో పెట్టుకుని చూడండి.

2017 ఏప్రిల్‌లో అమెరికాలోని డల్లాస్ నగరంలో ప్రమాద హెచ్చరిక సైరన్లు 156 అర్ధరాత్రి ఒక్కసారిగా మోగాయి. తుఫాను లేదు, ప్రమాదం లేదు. సైరన్లను మోగించే రేడియో ఆదేశాన్ని బయటివాళ్లు ఎవరో గాలిలోకి వదిలారు. నగరం నడిరాత్రి లేచి కూర్చుంది.

ఇక బీమా. వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారం వస్తుందో రాదో తేల్చేది వాతావరణ కేంద్రం చెప్పిన అంకె. పైరు ఎండిపోయిందా, కుళ్లిపోయిందా అని ఎవరూ వచ్చి చూడరు. మండలానికో స్వయంచాలక వాతావరణ కేంద్రం, పంచాయతీకో వానమాపకం పెట్టాలని కేంద్రం 2023లో విండ్స్ అనే పథకం తెచ్చింది. కేంద్రాలు పెరగడం మంచిదే. అయితే ఆ వానమాపకం నుంచి బయలుదేరిన అంకె దారిలో మారలేదని రుజువేది? 12 మిల్లీమీటర్లు 22 అయితే ఊరు ఊరంతటి పరిహారం గాలిలో కలిసిపోతుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తు పెట్టుకోవాలి. ఊరి వానమాపకం అంకె ప్రజలది. దాన్ని పంచాయతీ బోర్డు మీద రోజూ రాయాలి. మార్చడానికి వీల్లేకుండా ముద్ర వేసి పంపాలి. రైతు బోరు అంకె, చెరువు అంకె రైతుది. దాన్ని మూసి పంపాలి. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులు. వాన లెక్క అడిగితే కార్యాలయాల చుట్టూ తిప్పుతారు, మన చెరువు లెక్క మాత్రం గాలిలో ఊరేగుతుంది.

తాళాలున్నాయి, వేయడం లేదు

మరి దీనికి మందు లేదా అంటే, ఉంది. కొత్తదీ కాదు. మాటను సంకేతంగా మార్చి, తాళంచెవి ఉన్నవాడికి తప్ప ఇంకెవరికీ అర్థం కాకుండా పంపడాన్ని ఎన్‌క్రిప్షన్ అంటారు. బెల్జియం శాస్త్రవేత్తలు ఇద్దరు తయారుచేసిన పద్ధతిని 2001లో అమెరికా ప్రభుత్వం ఏఈఎస్ పేరుతో ప్రమాణంగా ప్రకటించింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఫోన్లలో, బ్యాంకుల్లో నడుస్తున్నది ఇదే.

పొలం సెన్సర్ చిన్నది, బ్యాటరీ బలం తక్కువ, తాళాలు వేస్తే బ్యాటరీ అయిపోతుంది అని కంపెనీల ఏజెంట్లు చెబుతుంటారు. ఈ సాకు ఇరవై ఏళ్ల కిందటే చచ్చింది. 2004లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్లు కొన్ని కిలోబైట్ల జ్ఞాపకశక్తి మాత్రమే ఉన్న బుల్లి సెన్సర్లలో టైనీసెక్ అనే తాళం అమర్చి చూపించారు. అదనంగా ఖర్చయిన శక్తి పది శాతం లోపే. ఆ తర్వాత వచ్చిన రేడియో చిప్‌లలో ఈ తాళం పనిని చిప్పే చేసుకుంటోంది. లోరా పద్ధతిలో నడిచే లోరావాన్ నెట్‌వర్క్‌లో రెండు తాళంచెవులు ఉంటాయి. ఒకటి సెన్సర్‌ను గుర్తు పట్టడానికి, రెండోది సమాచారాన్ని మూయడానికి. ఆ రెండోదాన్ని నెట్‌వర్క్ నడిపేవాడికి ఇవ్వకుండా ఉంచుకునే వీలు కూడా ఆ పద్ధతిలో ఉంది. కొరత తాళానిది కాదు, వేయాలన్న మనసుది.

పైగా తాళం వేశామని చెప్పేవాళ్లు కూడా ఎలా వేస్తున్నారో చూడాలి. ఊళ్లో అన్ని ఇళ్లకూ ఒకే తాళంచెవి పడితే అది తాళమా? జిగ్బీ అనే మరో సెన్సర్ పద్ధతిలో కొత్త పరికరాన్ని కలుపుకునేటప్పుడు వాడే ఒక తాళంచెవి ప్రపంచమంతటికీ ఒక్కటే. అది ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరుకుతుంది. తయారీదారు అంతకన్నా గట్టి ఏర్పాటు చేయకపోతే, సెన్సర్ కలుపుకునే సమయంలో పొంచి వినేవాడికి అసలు తాళంచెవే చిక్కుతుంది. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాం లక్షలాది సీసీ కెమెరాలను, ఇంటర్నెట్ పెట్టెలను లోబరచుకుంది. దానికి కావలసి వచ్చిందల్లా కంపెనీలు తయారీలోనే పెట్టి, ఎవరూ మార్చని అరవై చిల్లర పేర్లు, పాస్‌వర్డులు.

మన సెన్సర్‌కు ఇంకో బలహీనత ఉంది. అది నడి చేలో ఒంటరిగా నిలబడి ఉంటుంది. పీక్కుపోయి విప్పి చూస్తే అడిగేవాడుండడు. లోపలి చిప్‌లో రాసి ఉన్న తాళంచెవిని చదివే నేర్పరులున్నారు. కంపెనీ అమ్మిన డబ్బాలన్నింటికీ ఒకే తాళంచెవి పెడితే, ఒక్క డబ్బా దొంగచేతిలో పడిన రోజున జిల్లా మొత్తం తెరుచుకుంటుంది. అందుకే డబ్బాకో తాళంచెవి ఉండాలి. ఒకటి పోతే ఆ ఒక్కటే పోవాలి.

మూడోది, వరుస నంబరు. ప్రతి మాటకూ ఒక నంబరు వేసి, వెనకటి నంబరుతో వచ్చిన మాటను గేట్‌వే తోసిపుచ్చాలి. లేకపోతే నిన్నటి మాటను రికార్డు చేసి ఈరోజు వినిపిస్తాడు. అర్థం తెలియకపోయినా, తాళం విప్పలేకపోయినా, మోటారు ఆగే మాటను పట్టి మళ్లీ వదిలితే మోటారు ఆగుతుంది.

నాలుగోది, వేళ. మోటారు తిరిగినప్పుడే సెన్సర్ మాట్లాడుతుంటే, మూసిన ఉత్తరమే అయినా అది వచ్చిందంటేనే మోటారు తిరుగుతోందని అర్థం. లోపల ఏం రాసి ఉందో చదవనక్కర్లేదు. అందుకే పని ఉన్నా లేకున్నా గంట కొట్టినట్టు ఒకే వేళకు, ఒకే పొడవు మాట పంపేలా అమర్చాలి. ఇది చెప్పే ఏజెంటును మేము ఇంతవరకు చూడలేదు.

కంచే చేను మేస్తే

గాలిలో పొంచి వినేవాడు ఒక దొంగ. ఇంకొకడు దర్జాగా తలుపు తీసుకుని లోపల కూర్చుని ఉంటాడు. గాలి దారంతా తాళం వేసి, చివర ఆ తాళంచెవి కంపెనీ కంప్యూటర్‌లో పెడితే మనం కాపాడుకున్నదేముంది? పక్కవాడు వినకుండా మాత్రమే కాపాడాం. కొనేవాడికి, అమ్మేవాడికి టోకున ఇచ్చేశాం.

ఈ సమాచారానికి విలువ లేదనేవాళ్లు ఒక సంగతి చెప్పాలి. వాతావరణం, నేల, పంటల సమాచారం పోగుచేసి విశ్లేషించే క్లైమేట్ కార్పొరేషన్ అనే సంస్థను మోన్‌శాంటో 2013లో 90 కోట్ల డాలర్లకు పైగా పెట్టి ఎందుకు కొన్నది? విత్తనం అమ్మేవాడికి మన నేల అంకెలతో పనేమిటి? మన చేనులో ఏ వారం ఏ లోపం ఉందో మనకన్నా ముందు తెలిసినవాడు మందు ధర తానే నిర్ణయిస్తాడు.

విదేశాల్లో రైతులు ఈ సంగతి మనకన్నా ముందు పట్టుకున్నారు. 2014లో అమెరికా ఫార్మ్ బ్యూరో, మరికొన్ని రైతు సంఘాలు, కంపెనీలు కూర్చుని పొలం సమాచారం రైతుదేనని, రైతు ఒప్పుకోలు లేనిదే తీసుకోరాదని సూత్రాలు రాసుకున్నాయి. 2016లో ఎఫ్‌బీఐ స్వయంగా అక్కడి రైతులను హెచ్చరించింది, స్మార్ట్ వ్యవసాయం పేరుతో పోగవుతున్న సమాచారం మీద దొంగల కన్ను పడుతుందని. 2018లో ఐరోపా రైతు సంఘాలు, కంపెనీలు కలిసి ఇలాంటి నియమావళే ఒప్పుకున్నాయి. ఇవన్నీ స్వచ్ఛంద ఒప్పందాలే, చట్టాలు కావు. వాటిలో బలం ఎంతున్నా అక్కడ రైతు ఆ బల్ల దగ్గర కూర్చున్నాడు.

మన దగ్గర? 2021లో కేంద్ర వ్యవసాయ శాఖ రైతుల సమాచారంతో అగ్రిస్టాక్ కట్టడానికి మైక్రోసాఫ్ట్ వంటి కంపెనీలతో ఒప్పందాలు చేసుకున్న తర్వాతే మనకు తెలిసింది. రైతు సంఘాలు, పౌర సంస్థలు అభ్యంతరం చెబుతూ లేఖలు రాశాయి. 2024 సెప్టెంబరులో 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. తెలంగాణలో 2023లో వ్యవసాయ సమాచార మార్పిడి వేదిక మొదలైంది. సమాచారం సేకరించడానికి పథకాలు వరుసకడుతున్నాయి. సేకరించిన దాన్ని రైతు కోసం కాపాడే చట్టం మాత్రం రాలేదు. 2023 వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం ఒక మనిషిని గుర్తించగల సమాచారానికే వర్తిస్తుంది. పేరు తీసేసి, మన మండలంలో ఈ వారం ఇన్ని చెరువులు ఇబ్బందిలో ఉన్నాయని అమ్ముకుంటే ఏ చట్టం అడ్డుకుంటుంది? పేరు లేకపోతే మాత్రం, ధర పడేది ఆ చెరువుల రైతులకు కాదా?

పొంచి వినడం నేరమే కదా, కేసు పెట్టవచ్చు కదా అంటారు. నిజమే, అనుమతి లేకుండా ఇతరుల సందేశాలు పట్టుకోవడం 2023 టెలికం చట్టం ప్రకారం నేరం. అయితే గొర్రెను ఎత్తుకుపోతే దొడ్డిలో లెక్క తగ్గుతుంది. మాటను ఎత్తుకుపోతే ఏదీ తగ్గదు. మన అంకె మన ఫోనుకు యథాప్రకారం వస్తూనే ఉంటుంది. అడుగుజాడ పడని దొంగతనానికి ఫిర్యాదు ఎవరు చేస్తారు? ఇప్పటివరకు ఒక్క ఫిర్యాదు లేదు కాబట్టి భద్రంగా ఉందని వాదించేవాడు, చప్పుడు రాలేదు కాబట్టి ఎలుకలు లేవని గాదె తలుపు తీసిపెట్టేవాడితో సమానం.

కొనే ముందు అడగండి

మన సభ్యులు సెన్సర్ కొనే ముందు, సబ్సిడీ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఈ ప్రశ్నలు అడగాలి. నోటిమాట వద్దు, రాతపూర్వకంగా తెలుగులో జవాబు తీసుకోవాలి.

1. డబ్బా నుంచి గేట్‌వేకు పోయే మాటకు తాళం ఉందా? ఏ పద్ధతి?
2. ప్రతి డబ్బాకూ వేరు తాళంచెవి ఉందా, అన్నింటికీ ఒకటేనా? బిగించిన రోజున మా ఎదుట మారుస్తారా?
3. పాత మాటను మళ్లీ వినిపిస్తే, దారిలో అంకె మారిస్తే గేట్‌వే పట్టుకుంటుందా?
4. మా అంకెలు ఏ కంప్యూటర్‌లో ఉంటాయి? అక్కడ ఎవరెవరు చూడగలరు? బీమా కంపెనీకి, బ్యాంకుకు, మేత, మందుల కంపెనీలకు ఇస్తారా?
5. రేపు మీ కంపెనీ మూతపడితే, మేము మానేస్తే, మా అంకెల ప్రతి మాకిచ్చి మీ దగ్గరున్నది చెరిపేస్తారా?

ఈ ఐదింటికి సూటిగా జవాబు చెప్పలేనివాడి డబ్బా మనకు వద్దు. ఎవరికి వారు అడిగితే ఏజెంటు నవ్వి పోతాడు. రైతు ఉత్పత్తిదారుల సంఘం తరఫున, గ్రామ కమిటీ తరఫున రెండు వందల మంది కలిసి అడిగితే కూర్చుని జవాబు చెబుతాడు. గేట్‌వే కూడా సంఘమే పెట్టుకుని, తాళంచెవి సంఘం దగ్గరే ఉంచుకునే వీలుంటే మరీ మంచిది. పాల సంఘం, సహకార సంఘం నడిపిన మనకు ఇది చేతకాని పని కాదు.

మా డిమాండ్లు

తాళం లేని, డబ్బాకో తాళంచెవి లేని సెన్సర్లకు ప్రభుత్వ సబ్సిడీ, టెండరు ఇవ్వకూడదు. అందరికీ ఒకే పాస్‌వర్డుతో వచ్చే పరికరాల అమ్మకాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి నిషేధించింది. సీసీ కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి చేస్తూ మన కేంద్ర ప్రభుత్వమే 2024లో ఉత్తర్వులిచ్చింది. దుకాణం గోడ మీది కెమెరాకు ఉన్న విలువ రైతు చేలోని సెన్సర్‌కు లేదా?

రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఇంజినీరింగ్ కళాశాలలతో కలిసి ప్రతి సెన్సర్‌ను పరీక్షించాలి. ఏది భద్రం, ఏది కాదో పేర్లతో సహా తెలుగులో ప్రకటించాలి.

పొలం సమాచారం సాగుచేసే రైతుదేనని, కౌలుదారు సాగులో ఉన్నంతకాలం అది కౌలుదారుదేనని చట్టం చేయాలి. పేరు తీసేసినా, టోకున కలిపినా, రైతు రాతపూర్వక ఒప్పుకోలు లేకుండా అమ్మకూడదు. సబ్సిడీకి, బీమాకు, అప్పుకు ఈ ఒప్పుకోలును ముడిపెట్టకూడదు. ముడిపెట్టి తీసుకున్న సంతకం ఒప్పుకోలు కాదు, బలవంతం.

బీమాకు లెక్కలోకి తీసుకునే ప్రతి వాతావరణ కేంద్రం అంకె అదే రోజు పంచాయతీలో రాయాలి. అంకె దారిలో మారలేదని రుజువు చేసే బాధ్యత బీమా కంపెనీది, ప్రభుత్వానిది. ఆ రుజువు రైతు తేవాలనడం అన్యాయం.

వ్యవసాయ మోటారు మీటరు రీడింగులను బిల్లు లెక్కకు తప్ప ఇంకెందుకూ వాడకూడదు. ఎవరికీ ఇవ్వకూడదు.

ఈ డిమాండ్లను ప్రతి గ్రామ కమిటీ చర్చించి తీర్మానం చేయాలి. మండల వ్యవసాయాధికారికి, తహసీల్దారుకు అందజేసి రసీదు తీసుకోవాలి. సెన్సర్లు బిగించిన ఊళ్లలో పై ఐదు ప్రశ్నలకు వచ్చిన జవాబులను, రాకపోతే రాలేదన్న సంగతిని, సంఘం కార్యాలయానికి రాసి పంపాలి. వాటన్నింటినీ ఒకచోట చేర్చి ప్రభుత్వం ముందు పెడదాం.

విత్తనం మన చేతి నుంచి పోయింది. ధర మన చేతిలో ఎన్నడూ లేదు. మిగిలింది మన చేను గురించి మనకే తెలుసన్న ఆ కాస్త బలం. దాన్ని కూడా సబ్సిడీ డబ్బాలో పెట్టి గాలికి వదిలేయవద్దు. తాళం అడుగుదాం. తాళంచెవి మన చేతికిచ్చేదాకా గొయ్యి తవ్వనివ్వకుండా నిలబడదాం.